సర్క్యులర్ అందుకునే వైపు నుంచి: వై.వి. రెడ్డి హయాంలో నా ట్రెజరీ ఉద్యోగం

నేను బొంబాయిలో ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు ట్రెజరీలో ఫండ్స్ డెస్క్ చూసేవాణ్ని. రోజూ బ్యాంకు దగ్గర ఎంత డబ్బు మిగిలింది, ఎంత తగ్గింది, మిగిలితే ఎవరికివ్వాలి, తగ్గితే ఎక్కడ తేవాలి అన్న లెక్కే నా పని. యాగా వేణుగోపాల్ రెడ్డి గారు రిజర్వు బ్యాంకు గవర్నరుగా వచ్చిన 2003 సెప్టెంబర్ నుంచి, దిగిపోయిన 2008 సెప్టెంబర్ దాకా ఆ సీట్లోనే ఉన్నాను. ఆయన గురించి రాసినవాళ్లు చాలామంది ఢిల్లీ నుంచో వాషింగ్టన్ నుంచో చూసి రాశారు. నేను కింద నుంచి చూశాను, ఆయన సంస్థ పంపిన సర్క్యులర్ వచ్చి మా బల్ల మీద పడే చోటు నుంచి. ఆయనతో మాట్లాడింది లేదు, పరిచయం అసలే లేదు. అయినా ఐదేళ్ల పాటు ఆ మనిషి మనసులో ఏముందో అంచనా కట్టడానికే నాకు జీతమిచ్చారు.

తెలుగువాణ్ని కావడంతో ఇంకో డ్యూటీ కూడా మీద పడింది. సీఆర్ఆర్, అంటే బ్యాంకులు రిజర్వు బ్యాంకులో ఉంచాల్సిన డబ్బు వాటా, పెరిగిన ప్రతిసారీ డీలింగ్ రూం మొత్తం నావైపు తిరిగేది. "క్యా యార్, తుమ్హారా రెడ్డి!" అనేవాడు పక్క సీటు మరాఠీ మిత్రుడు, ఆయన మా మేనమామ అయినట్టు. కడప జిల్లాలో ఆయన ఊరు పాటూరు ఎక్కడ, మా కృష్ణా జిల్లా ఎక్కడ అని మొత్తుకున్నా వాళ్లకి పట్టదు. కొన్నాళ్లకి నేనూ అలవాటుపడి "మావాడు చేశాడంటే కారణం ఉంటుంది" అని దబాయించడం నేర్చుకున్నాను. సగంసార్లు ఆ కారణమేమిటో నాకూ తెలిసేది కాదు.

ఆయన పేరు మొదట విన్నది 1997లో. అప్పుడు నేను ఫారెక్స్ డెస్క్‌లో జూనియర్‌ని, ఆయన రిజర్వు బ్యాంకు డిప్యూటీ గవర్నరు. డాలరు నెలల తరబడి 35 రూపాయల 70 పైసల చుట్టుపక్కలే తచ్చాడుతోంది. ఇక అక్కడే ఉంటుందన్న ధీమాతో చాలా కంపెనీలు తమ డాలరు బాకీలకి కవరు కూడా, అంటే రేటు మారితే నష్టపోకుండా ముందే కుదుర్చుకునే రక్షణ, తీసుకోవడం లేదు. ఆ ఏడు ఆగస్టు 15న గోవాలో ఫారెక్స్ డీలర్ల సమావేశంలో రెడ్డి గారు మాట్లాడుతూ, మనతో వ్యాపారం చేసే దేశాల ధరలతో సరిచూస్తే రూపాయి ఉండాల్సిన దానికన్నా పైన ఉందన్న అర్థం వచ్చేలా చెప్పారు. మామూలుగా సెంట్రల్ బ్యాంకు అధికారులు మారకపు రేటు గురించి అడిగితే వాతావరణం గురించి జవాబిస్తారు. ఈయన సూటిగా అనేశారు. సెలవు అయ్యాక మార్కెట్ తెరవగానే రూపాయి జారింది. జూలైలో థాయ్‌లాండ్ బాట్ కూలి తూర్పాసియా అప్పటికే అంటుకుని ఉంది. మరుసటి జనవరికల్లా డాలరు 39 దాటింది. అప్పట్నుంచి మా డీలర్లందరికీ ఆయన ప్రసంగాలు ఫుట్‌నోట్లతో సహా చదివే అలవాటు పట్టుకుంది.

ఆయన గవర్నరు అవుతున్నారని తెలిశాక పాత చరిత్ర తిరగేశాను. ఎవరి కింద పనిచేయబోతున్నామో తెలుసుకోవాలి కదా. 1964 బ్యాచ్ ఐఏఎస్, ఆంధ్రప్రదేశ్ క్యాడర్. ఉస్మానియాలో ఎకనామిక్స్‌లో డాక్టరేట్. వాషింగ్టన్‌లో ప్రపంచ బ్యాంకులో మన దేశం తరఫున ఉండే ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్ ఆఫీసులో పనిచేశారు, హైదరాబాదులో రాష్ట్ర ప్రభుత్వ ప్రణాళిక, ఆర్థిక వ్యవహారాలు చూశారు. 1996 నుంచి 2002 దాకా డిప్యూటీ గవర్నరు, ఆ తర్వాత ఐఎంఎఫ్‌లో ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్. అక్కడ ఆయన కుర్చీ భారత్‌తో పాటు బంగ్లాదేశ్, శ్రీలంక, భూటాన్ తరఫున కూడా మాట్లాడేది. ఇలాంటి జాబితా చూస్తే ఎవరైనా పెద్ద కెరీర్ అంటారు. నా కళ్లు మాత్రం ఒక్క చోట ఆగాయి. 1991లో ఆయన ఆర్థిక మంత్రిత్వ శాఖలో చెల్లింపుల శేషం, అంటే దేశానికి వచ్చే పోయే విదేశీ డబ్బు లెక్క, చూసే జాయింట్ సెక్రటరీ.

1991 అంటే మా తరం బ్యాంకు వాళ్లకి ఒళ్లు జలదరించే సంవత్సరం. దేశం దగ్గరున్న డాలర్లు రెండు మూడు వారాల దిగుమతులకి కూడా చాలని రోజులు. ముందు స్టేట్ బ్యాంకు ద్వారా 20 టన్నుల బంగారం స్విట్జర్లాండ్ బ్యాంకుకి తిరిగి కొనుక్కునే షరతు మీద అమ్మారు. జూలైలో రిజర్వు బ్యాంకు తన ఖజానా నుంచి దాదాపు 47 టన్నులు బయటికి పంపి, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల దగ్గర కుదువ పెట్టింది. చేతికొచ్చింది 40 కోట్ల డాలర్ల చిల్లర. తర్వాత సి. రంగరాజన్ గారి అధ్యక్షతన చెల్లింపుల శేషంపై వేసిన ఉన్నత స్థాయి కమిటీకి రెడ్డి గారే మెంబర్ సెక్రటరీ. పొట్టి కాలపు విదేశీ అప్పు దగ్గర ఒళ్లు దగ్గర పెట్టుకోవాలని, కొంచెం ముందుగానే నిల్వలు కూడబెట్టుకోవాలని ఆ రోజుల్లో వంటబట్టించుకున్న మనిషి పన్నెండేళ్లకి గవర్నరు సీట్లో కూర్చున్నాడు. తర్వాత మా డెస్క్ మీదికి వచ్చిన సర్క్యులర్లు చాలావాటికి మూలం నాకు ఈ అధ్యాయంలోనే కనిపిస్తుంది.

ఇక్కడ మా పని సంగతి కాస్త చెప్పాలి. జనం బ్యాంకులో వేసే డిపాజిట్లలో కొంత శాతం రిజర్వు బ్యాంకులో ఉంచాలి, అదే సీఆర్ఆర్. అప్పట్లో రోజువారీగా కాకుండా పద్నాలుగు రోజుల సగటు మీద లెక్క కట్టేవాళ్లు. పక్షం చివరి శుక్రవారాన్ని రిపోర్టింగ్ ఫ్రైడే అనేవాళ్లం. ఆ పద్నాలుగు రోజుల్లో ఏ రోజైనా కావాల్సిన దాంట్లో 70 శాతానికి తగ్గకూడదన్నది అప్పటి నిబంధన. మంచి ఫండ్స్ డీలరంటే రేటు తక్కువున్న రోజుల్లో ఎక్కువ నింపి, రేటు మండే రోజుల్లో 70 దగ్గర నిలబడగలిగినవాడు. పొద్దున్నే శాఖల నుంచి, క్లియరింగ్ నుంచి, ప్రభుత్వ ఖాతాల నుంచి అంకెలు వస్తాయి. మధ్యాహ్నానికి ఏదో ఒక పెద్ద శాఖ "సార్, కంపెనీ వాళ్లు 200 కోట్లు లాగేశారు" అని ఫోన్ చేస్తుంది. అప్పటిదాకా కట్టిన లెక్క గోవిందా! లక్ష కోట్ల డిపాజిట్లున్న బ్యాంకుకి సీఆర్ఆర్ అర శాతం పెరిగిందంటే 500 కోట్లు పట్టుకెళ్లి మింట్ రోడ్డులోని రిజర్వు బ్యాంకులో పడేసి రావడమే.

రెడ్డి గారు వచ్చేనాటికి సీఆర్ఆర్ నాలుగున్నర శాతం. మొదటి ఏడాది ట్రెజరీలకి పెళ్లి భోజనం. వడ్డీ రేట్లు పడిపోతున్నాయి, బాండ్ల ధరలు పెరుగుతున్నాయి, పదేళ్ల ప్రభుత్వ బాండు రాబడి 2003 శరత్కాలంలో ఐదు శాతం దగ్గరికి దిగింది. ఏ బ్యాంకు బ్యాలెన్స్ షీటు చూసినా లాభంలో సింహభాగం మాదే. అంతకుముందు గవర్నరు బిమల్ జలాన్ గారి కాలంలోనే రిజర్వు బ్యాంకు ఈ లాభాల్లోంచి కొంత పక్కన పెట్టమని ఒక నిధి పెట్టించింది, మేం సణుక్కుంటూ పెట్టాం. 2004లో గాలి తిరిగింది. నవంబర్‌కల్లా అదే బాండు రాబడి ఏడు శాతం దాటింది, అంటే మా దగ్గరున్న బాండ్ల ధరలు పడిపోయాయి. పక్కన పెట్టినది కాబట్టి బతికాం. ఆ సెప్టెంబర్‌లోనే కొన్ని బాండ్లని ఒక్కసారికి, రోజువారీ ధర కట్టక్కర్లేని పద్దులోకి మార్చుకోవడానికి వీలిచ్చారు, దాంతో ఊపిరాడింది.

ఆ అక్టోబర్ సమీక్షలో వచ్చిన మాట మాత్రం ట్రెజరీకి కాదు, అప్పులిచ్చే వాళ్లకి తగిలింది. ఇంటి అప్పుల రిస్క్ వెయిట్ (ఇచ్చిన అప్పుకి బ్యాంకు ఎంత సొంత మూలధనం పెట్టుకోవాలో తేల్చే శాతం) 50 నుంచి 75కి, వ్యక్తిగత అప్పులు, క్రెడిట్ కార్డులది 100 నుంచి 125కి పెంచారు. అప్పటికి ఆ అప్పులు ఎగ్గొట్టేవాళ్లు ఎవరూ లేరు. "జబ్బు లేనివాడికి ఇంజెక్షన్ ఏమిటి?" అని మా క్రెడిట్ విభాగం జనరల్ మేనేజర్ గొణిగారు. 2005 జూలైలో వాణిజ్య రియల్ ఎస్టేట్ 125 అయింది, 2006 మేలో 150. దానికి తోడు మంచి అప్పులకి కూడా ముందుజాగ్రత్తగా పక్కన పెట్టే ప్రొవిజన్ 0.25 శాతం నుంచి 0.40కి, కొన్ని రంగాలకి ఒక శాతానికి, 2007 జనవరిలో రియల్ ఎస్టేటుకీ పర్సనల్ లోన్లకీ రెండు శాతానికి ఎక్కింది.

లెక్క చూడండి. ఒక బిల్డరుకి 10 కోట్లు అప్పిస్తే మొదట్లో బ్యాంకు తన సొంత మూలధనం 90 లక్షలు, ప్రొవిజన్ రెండున్నర లక్షలు పెట్టుకుంటే సరిపోయేది. 2007 వచ్చేసరికి అదే 10 కోట్లకి మూలధనం కోటీ 35 లక్షలు, ప్రొవిజన్ 20 లక్షలు. అప్పివ్వొద్దని ఎక్కడా రాయలేదు. ఇస్తే నీకేం మిగలదు అని మాత్రం చెప్పారు.

అది హైదరాబాదులో కోకాపేట భూముల వేలంపాటల కాలం. నా బ్యాచ్‌మేట్ ఒకడు అక్కడ పెద్ద శాఖకి మేనేజరు. ఫోన్ చేసి తిట్ల దండకం మొదలుపెట్టేవాడు.

"ఏరా, మీ బొంబాయోళ్లకి ఏమైనా బుద్ధుందా? పార్టీ బంగారం లాంటోడు. వడ్డీ పెంచి చెబితే పక్క బ్యాంకుకి పోతానంటున్నాడు."

"పోనీరా. వాళ్లకీ అదే సర్క్యులర్ వెళ్లింది."

"ఎకరం రోజుకో రేటు పలుకుతోందిరా ఇక్కడ!"

"అందుకేరా నాయనా సర్క్యులర్."

వాడికి ఆ ఏడాది టార్గెట్ కాలేదు. ప్రమోషన్ ఇంటర్వ్యూలో అదే అడిగారట. 2009 తర్వాత వాడి శాఖలో మొండి బాకీలు మిగతా వాళ్లకన్నా తక్కువ తేలాయి, అయితే దానికి మార్కులు వేసే పద్ధతి ఏ బ్యాంకులోనూ లేదు.

2006 ఫిబ్రవరిలో వచ్చిన సెక్యూరిటైజేషన్ నిబంధనలు బయట ఎవరూ పట్టించుకోలేదు గానీ, నా దృష్టిలో ఆ ఐదేళ్లలో వచ్చిన వాటిలో ముఖ్యమైన నాలుగైదింటిలో అదొకటి. బ్యాంకులు తామిచ్చిన అప్పుల్ని మూటగట్టి అమ్మేసి, లాభం ఆ రోజే పుస్తకాల్లో వేసుకునే అలవాటు అప్పుడప్పుడే మొదలైంది. అమ్ముకో, కానీ లాభం ఆ కాగితాలు బతికున్నంత కాలం కొద్దికొద్దిగా వేసుకో అన్నారు. మూటలు కట్టే ఉత్సాహం సగానికి సగం అక్కడే చచ్చింది. అమెరికాలో ఏ దుకాణం కాలిపోయిందో అదే దుకాణం ఇక్కడ అసలు పెద్దగా తెరవనే లేదు. అప్పు ఎగ్గొడతారన్న రిస్కుని వేరేవాళ్లకి అమ్ముకునే క్రెడిట్ డెరివేటివ్‌ల ముసాయిదా కూడా అటూ ఇటూ తిరిగి 2008లో అటకెక్కింది. సెమినార్లలో కుర్ర కన్సల్టెంట్లు "రిజర్వు బ్యాంకు ఇంకా గత శతాబ్దంలోనే ఉంది" అని నవ్వేవాళ్లు. లంచ్ బాగుండేది కాబట్టి మేమూ నవ్వేవాళ్లం.

ఇదంతా ఒక వైపు. రెండో వైపు డాలర్ల వరద. ఆయన వచ్చిన మూడు నెలలకే నిల్వలు 10 వేల కోట్ల డాలర్లు దాటాయి. 2008 మార్చి చివరికి దాదాపు 31 వేల కోట్ల డాలర్లు. ఈ డాలర్లు ఎలా కొంటారో మా ఫారెక్స్ గదిలో కళ్లారా చూసేవాళ్లం. రిజర్వు బ్యాంకు నేరుగా అంగట్లోకి రాదు. రెండు మూడు ప్రభుత్వ రంగ బ్యాంకులకి ఫోన్ వస్తుంది, వాళ్లు మామూలుగా కొంటున్నట్టే కొంటారు. పది నిమిషాల్లో తెరల మీద "నేషనలైజ్డ్ బ్యాంకులు కొంటున్నాయి" అని వార్త. అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

కొన్న ప్రతి డాలరుకీ రూపాయలు బయటికి వస్తాయి. వాటిని వెనక్కి లాగడానికి 2004 ఏప్రిల్‌లో ఎంఎస్ఎస్ (మార్కెట్ స్టెబిలైజేషన్ స్కీమ్) బాండ్లు పెట్టారు. ప్రభుత్వం బాండ్లు అమ్ముతుంది, వచ్చిన డబ్బు ఖర్చు పెట్టదు, రిజర్వు బ్యాంకులో విడిగా ఉంచేస్తుంది, వడ్డీ మాత్రం బడ్జెట్‌లోంచి కడుతుంది. మొదట పరిమితి 60 వేల కోట్లు, 2007 చివరికి రెండున్నర లక్షల కోట్లు. స్వాతంత్ర్యం గురించి విలేకరులు అడిగితే రెడ్డి గారు చెప్పే జోకు అందరికీ తెలిసిందే: రిజర్వు బ్యాంకుకి పూర్తి స్వయంప్రతిపత్తి ఉంది, ఈ మాట మీకు చెప్పడానికి ఆర్థిక మంత్రిగారి అనుమతి కూడా తీసుకున్నాను అని. నవ్వుకోవడానికి బాగుంటుంది గానీ, వడ్డీ ఖర్చు ప్రభుత్వం నెత్తిన పెట్టే ఇలాంటి పథకానికి ఒప్పించాలంటే ఐఏఎస్‌లో ముప్పై ఏళ్లు ఫైళ్లు తిప్పిన చెయ్యి కావాలి. ప్రొఫెసర్‌గా వచ్చిన గవర్నరుకి అది అంత తేలిగ్గా కుదిరేది కాదని నా నమ్మకం.

2007 మార్చి 30. ట్రెజరీలో పనిచేసిన ఎవర్నడిగినా ఆ శుక్రవారం గురించి చెబుతారు. అదే రిపోర్టింగ్ ఫ్రైడే, అదే ఆర్థిక సంవత్సరం ఆఖరి పనిదినం. మార్చి మధ్యలో కంపెనీల అడ్వాన్స్ ట్యాక్స్ వేల కోట్లు ప్రభుత్వ ఖాతాలోకి వెళ్లిపోయాయి. డిసెంబర్ నుంచి సీఆర్ఆర్ నాలుగు విడతలుగా ఐదు నుంచి ఆరుకి ఎక్కింది. అప్పులు జోరుగా ఇచ్చిన బ్యాంకుల దగ్గర తాకట్టు పెట్టడానికి అదనపు ప్రభుత్వ బాండ్లు లేవు. బాండ్లున్నవాడికి రిజర్వు బ్యాంకు రెపో కిటికీలో, అంటే అవి తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకునే చోట, ఏడున్నరకే డబ్బు దొరుకుతోంది. లేనివాడు కాల్ మార్కెట్‌కి, అంటే బ్యాంకులు ఒకదానికొకటి ఒక్క రాత్రికి అప్పిచ్చుకునే చోటికి, రావాలి. పొద్దున ఇరవై, ముప్పై అన్నారు. మధ్యాహ్నానికి 60 దాటింది. ఆ రోజు సగటే 50 శాతం పైన నిలిచింది. 60 శాతం అంటే 100 కోట్లకి ఒక్క రాత్రి వడ్డీ 16 లక్షల పైమాట.

తమాషా ఏమిటంటే, సీఆర్ఆర్ తగ్గితే రిజర్వు బ్యాంకు వేసే జరిమానా అప్పటి బ్యాంక్ రేటు ఆరు మీద మరో మూడు శాతం, అంటే తొమ్మిది. 60కి అప్పు తెచ్చేకన్నా జరిమానా కట్టడం ఎన్నో రెట్లు చవక. అయినా ఎవరూ ఆ పని చేయరు. సీఆర్ఆర్ డిఫాల్ట్ అయిందని బోర్డుకి నోట్ పెట్టి సంజాయిషీ రాసేకన్నా ఏ జనరల్ మేనేజరైనా 60 కట్టమనే అంటాడు. మేం పక్షం మొదట్లోనే ఎక్కువ నింపి పెట్టుకున్నాం కాబట్టి ఆ రోజు అంతగా వగర్చలేదు. పక్క బ్యాంకు డీలరు, వయసులో పెద్దాయన, "అన్నా, ఒక 50 కోట్లు సర్దవా" అని నన్ను అన్నా అని పిలిచాడు. గొంతు పోల్చుకోవడానికి నాకు కాసేపు పట్టింది.

సాయంత్రం పుస్తకాలు మూసేసి ఇంటికి బయల్దేరదామనుకుంటుండగా తెర మీద ప్రకటన: రెపో 7.75, సీఆర్ఆర్ ఏప్రిల్‌లో రెండు విడతలుగా ఆరున్నర. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మా డీజీఎం కుర్చీలో వెనక్కి వాలి, నా వైపు కూడా చూడకుండా "తుమ్హారా రెడ్డి" అని మాత్రం అన్నారు. అది చాలదన్నట్టు, ఆ మర్నాడు మొదలైన పక్షం నుంచి సీఆర్ఆర్ నిల్వల మీద అప్పటిదాకా ఇస్తున్న కాస్త వడ్డీ కూడా లేకుండా పోయింది.

నాలుగు నెలలు తిరక్కుండానే తలకిందులైన దృశ్యం చూశాం. మార్చి నుంచే రిజర్వు బ్యాంకు రివర్స్ రెపోలో, అంటే మా దగ్గర మిగిలిన డబ్బు తను తీసుకునే కిటికీలో, రోజుకి 3 వేల కోట్లకి మించి తీసుకోనని గిరి గీసింది. విదేశీ డబ్బు పోటెత్తి, ప్రభుత్వం ఖర్చు పెట్టి, జూలైలో బ్యాంకుల దగ్గర వేల కోట్లు మిగిలిపోయాయి. అందరూ ఆ 3 వేల కోట్లకే ఎగబడతారు, దామాషాలో పంచితే మాకు చిటికెడు వచ్చేది. మిగతా డబ్బుని కాల్ మార్కెట్‌లో ఎవరికిద్దామన్నా పుచ్చుకునేవాడు లేడు. రేటు ఒక శాతం కిందికి, కొన్ని రోజులు అర శాతం కిందికి కూడా పోయింది. మార్చిలో 100 కోట్లకి రాత్రికి 16 లక్షలు అడిగినవాళ్లమే జూలైలో 13, 14 వేలకి బతిమాలాం. కొన్ని బ్యాంకులు మ్యూచువల్ ఫండ్ల లిక్విడ్ పథకాల్లో పెట్టాయి, ఆ ఫండ్లు అదే డబ్బు తెచ్చి మళ్లీ మాకే డిపాజిట్ వేశాయి. ఆగస్టు 6న ఆ గిరి చెరిపేసి, అంతకు రెండు రోజుల ముందు నుంచే సీఆర్ఆర్ ఏడు చేశారు.

ఈ 3 వేల కోట్ల గిరిని నేను ఈనాటికీ సమర్థించలేను. ఎక్కువకాలం ఉండే డబ్బుని ఎంఎస్ఎస్‌తో లాగాలి గానీ రోజువారీ కిటికీతో కాదన్నది ఆయన వాదన. సిద్ధాంతం సరే. పాలసీ రేటు ఆరూ ఏడూ అని ప్రకటించి, అంగట్లో అర శాతం పలుకుతుంటే ఆ పాలసీ రేటుకి అర్థమేముంది? మావాడు కదా అని దీన్ని వెనకేసుకు రాను.

ఆయన మీద తిట్లు అప్పట్లో అన్ని వైపుల నుంచీ వచ్చాయి. 2007 చివర్లో డాలరు 40 కిందికి దిగితే హైదరాబాద్ ఐటీ కంపెనీలు, గుంటూరు మిర్చి ఎగుమతిదారులు గగ్గోలు పెట్టారు. 2008 వేసవిలో పెట్రోలు, ఆహారం ధరలు ఎగిసి టోకు ధరల ద్రవ్యోల్బణం ఆగస్టుకి 13 శాతం దగ్గరికి వెళ్తే ఇన్నాళ్లూ బిగించి ఏం లాభం అన్నారు. ఇంటి అప్పు ఏడున్నరకి తీసుకున్నవాళ్లు పదకొండు కడుతున్నారు. మా పక్క ఫ్లాట్ ఆవిడ లిఫ్టులో కనిపించినప్పుడల్లా "ఈఎంఐ ఎప్పుడు తగ్గుతుందండీ" అని నన్నే నిలదీసేది. ఏప్రిల్ నుంచి ఆగస్టు లోపల సీఆర్ఆర్ ఏడున్నర నుంచి తొమ్మిదికి పోయింది. రెపో కూడా తొమ్మిదే. చివరి సీఆర్ఆర్ పెంపు అమల్లోకి వచ్చింది ఆగస్టు 30న. వారం తిరక్కుండా ఆయన దిగిపోయారు.

సెప్టెంబర్ 5న దువ్వూరి సుబ్బారావు గారు వచ్చారు. 1972 బ్యాచ్ టాపర్, ఆయనదీ ఆంధ్ర క్యాడరే, ప్రపంచ బ్యాంకులో పనిచేసి, ఢిల్లీలో ఫైనాన్స్ సెక్రటరీగా ఉండి వచ్చినవారు. "మళ్లీ మీవాడేనా?" అన్నాడు మరాఠీ మిత్రుడు. పది రోజులకి అమెరికాలో లేమాన్ బ్రదర్స్ అనే పెద్ద ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు కూలింది.

అక్టోబర్ మొదటి రెండు వారాలు నిద్ర లేదు. విదేశీ సంస్థలు షేర్లు అమ్మి డాలర్లు పట్టుకుపోతున్నాయి. ఆ డాలర్లు అమ్ముతూ రిజర్వు బ్యాంకు రూపాయల్ని లోపలికి లాగేస్తోంది. మ్యూచువల్ ఫండ్ల నుంచి కంపెనీలు డబ్బు వెనక్కి తీసుకుంటున్నాయి. కాల్ రేటు మళ్లీ రెండంకెల్లో. ఒక ప్రైవేటు బ్యాంకు గురించి పుకార్లు లేచి ఏటీఎంల దగ్గర క్యూలు కట్టారు. సీఆర్ఆర్ అర శాతం తగ్గిస్తున్నామని ఒక ప్రకటన వచ్చింది. అది అమల్లోకి రాకముందే ఒకటిన్నర అన్నారు. ఇంకొన్ని రోజులకి రెండున్నర అన్నారు, అదీ అక్టోబర్ 11 నుంచే లెక్క. తొమ్మిది కాస్తా ఆరున్నర. నవంబర్‌కి ఐదున్నర, జనవరికి ఐదు. ఎంఎస్ఎస్ బాండ్లు వెనక్కి కొన్నారు. నవంబర్‌లో రియల్ ఎస్టేట్ రిస్క్ వెయిట్ 150 నుంచి మళ్లీ 100, ప్రొవిజన్లు మళ్లీ 0.40.

ఒక్క సీఆర్ఆర్ తగ్గింపుతోనే బయటికి వచ్చింది లక్షా 60 వేల కోట్లు. గాదె నిండుగా ఉంది కనక కరువొస్తే తీసి కొలిచారు. 2004లో నాలుగున్నర దగ్గరే ఉంచి, రిస్క్ వెయిట్లు కదపకుండా ఉండి ఉంటే సుబ్బారావు గారికి తగ్గించడానికి ఏం మిగిలేది? మా డెస్క్ మీద ఆ వారం ప్రతి సర్క్యులర్ వెనుక, దాన్ని రద్దు చేయడానికి పనికొచ్చిన పాత సర్క్యులర్ ఒకటి ఉండేది. నా ఫైల్లో రెండూ పక్కపక్కనే కుట్టుకున్నాను. నిల్వలు 31 వేల కోట్ల డాలర్ల నుంచి 2009 మార్చికి 25 వేల కోట్ల చిల్లరకి తగ్గాయి, అయినా ఎవరూ బంగారం మాట ఎత్తలేదు.

ఆ డిసెంబర్‌కల్లా బయటి దేశాల్లో ఆయన పేరు మోగిపోయింది. అమెరికాకి ఇలాంటి సెంట్రల్ బ్యాంకరు ఉండి ఉంటే ఇంత గందరగోళంలో పడేది కాదన్న అర్థం వచ్చేలా నోబెల్ గ్రహీత జోసెఫ్ స్టిగ్లిట్జ్ మెచ్చుకున్నారు. 2010లో పద్మవిభూషణ్ వచ్చింది. అంతకుముందు రిజర్వు బ్యాంకుని గత శతాబ్దమన్న కన్సల్టెంట్లే స్లైడ్లు మార్చి "భారతీయ వివేకం" అని ప్రెజెంటేషన్లు ఇచ్చారు. ఈసారి లంచ్ అంత బాగాలేదు. ఆ పొగడ్తలో కొంత అతిశయం ఉందని నా అభిప్రాయం. మన బ్యాంకుల్లో ఎక్కువ భాగం ప్రభుత్వానివి, విదేశీ విషపు కాగితాలు కొనే అవకాశం మాకు అసలే తక్కువ, కొనే ధైర్యం అంతకన్నా తక్కువ. అదంతా ఒక మనిషి గొప్పతనం కాదు. కానీ జబ్బు కనబడకముందే, లాభాలు పండుతున్న రోజుల్లో, అందరూ తిడుతుండగా బిగించడం మాత్రం ఆయనదే. అది నేను దగ్గరుండి చూశాను, నా బోనస్‌లో కూడా చూశాను.

తర్వాత ఆయన 14వ ఆర్థిక సంఘానికి అధ్యక్షుడై, కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటా 32 నుంచి 42 శాతానికి పెంచమన్నారు. దాన్ని చదివి నేను ఆశ్చర్యపోలేదు. హైదరాబాదులో రాష్ట్రం వైపు కూర్చుని ఢిల్లీకి ఉత్తరాలు రాసిన మనిషి కదా.

నేను రిటైరై చాలా కాలమైంది. 2023 నవంబర్ 16న రిజర్వు బ్యాంకు వ్యక్తిగత అప్పుల రిస్క్ వెయిట్ 100 నుంచి 125కి, బ్యాంకుల క్రెడిట్ కార్డులది 125 నుంచి 150కి పెంచింది. ఆ రాత్రి మా పాత డెస్క్‌లో ఇప్పుడుండే అమ్మాయి ఫోన్ చేసింది. "అంకుల్, బాకీలు బాగానే వసూలవుతున్నాయి కదా, ఉన్నట్టుండి ఇదేంటి? మా జీఎం గారు జబ్బు లేనివాడికి మందెందుకు అంటున్నారు" అంది. 2004 అక్టోబర్ సమీక్ష తీసి చదవమన్నాను. అది వాళ్ల సిస్టంలో దొరకలేదట, పొద్దున్నే నా ఫైల్లోంచి ఫోటో తీసి పంపించాను.